ఫ్లాస్కులో నా నెత్తురు

మొదటిసారి ఆ చుక్కల్ని చూసినప్పుడు ఏదో రంగు అంటుకుందనుకున్నాను. అది రెండు వేల పది డిసెంబరు. లండన్ శివారులో, మేముండే హౌన్స్‌లోలో మంచు కురుస్తోంది. పగటి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చి, బాత్‌టబ్ అంచున కూర్చుని సాక్సు విప్పితే, రెండు కాళ్ల మీదా మోకాళ్ల కింద నుంచి చీలమండల దాకా ఊదారంగు చుక్కలు. ఎవరో సిరా కలం విదిలించినట్టున్నాయి. సబ్బు పెట్టి రుద్దాను, పోలేదు. వేలితో నొక్కితే తెల్లబడనూ లేదు. నొప్పి లేదు, దురద లేదు. గోరువెచ్చటి నీళ్లలో కాళ్లు పెట్టుకుని, కిటికీ బయట చప్పుడు లేకుండా రాలుతున్న మంచును చూస్తూ చాలాసేపు అలాగే ఉండిపోయాను.

ఆ రోజుల్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది భయం కాదు, ఆ నిశ్శబ్దం. మా ఇంటి కప్పు మీదుగా ఒకదాని వెనక ఒకటి దిగే విమానాలు మంచుకు ఆగిపోయాయి. ఊరంతా దూది కప్పుకుని పడుకున్నట్టుంది. మా అమ్మాయి, అప్పటికి పదమూడేళ్లది, వెనక తలుపు తీసి పెరట్లో మంచు మీద ఒంటికాలితో గెంతుతోంది. దాని నవ్వు కూడా ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు వినబడింది.

మా ఆయన మొదట ఒక్కరే వచ్చి ఎయిర్‌పోర్టు కార్గోలో చేరారు. రెండు వేల ఎనిమిదిలో కాకినాడ నుంచి నేనూ అమ్మాయీ వచ్చాం. విమానాల్లో ఇచ్చే భోజనాలు తయారుచేసే ఫ్యాక్టరీలో నాకు పని దొరికింది. సలాడ్లు సర్దే చిల్ రూమ్ నాది. ఫ్రిజ్‌లోకి నడిచి వెళ్లి, తలుపు మూసుకుని పనిచెయ్యడం ఎలా ఉంటుందో అలా ఉండేది. తెల్లకోటు, తలకు వల, మోకాళ్ల దాకా బూట్లు, రెండు జతల గ్లవ్స్. తెల్లటి లైట్ల కింద ఫ్యాన్లు ఒకటే శ్రుతిలో హోరుమంటుంటే, కీరా ముక్కలూ టమాటా ముక్కలూ చిన్న చిన్న గిన్నెల్లోకి వేస్తూ పోయేదాన్ని. చెయ్యగా చెయ్యగా నిద్రలో చేస్తున్నట్టే ఉండేది. బయటికొచ్చి గ్లవ్స్ తీస్తే వేళ్లు సుద్దముక్కల్లా తెల్లగా ఉండేవి. కాసేపటికి నీలంగా మారి, ఆ తర్వాత ఎర్రబడి మంటపుట్టేవి. ఇక్కడి చలికి అందరికీ ఇంతేననుకున్నాను.

ఇక్కడ పేటలోని క్లినిక్కుని సర్జరీ అంటారు. అక్కడికి వెళ్తే జీపీ, అంటే మామూలు జబ్బులు చూసే డాక్టరు, చూసి, నిలబడి చేసే ఉద్యోగం కదా, బూట్లు బిగుతై ఉంటాయన్నాడు. క్రీమ్ రాసిచ్చాడు. వసంతం రాగానే చుక్కలు గోధుమరంగు మచ్చలై నెమ్మదిగా మాసిపోయాయి. మర్చిపోయాను. మళ్లీ చలికాలం వచ్చింది, చుక్కలూ వచ్చాయి. ఈసారి మోకాళ్లలోనూ మణికట్లలోనూ నొప్పులు. ఎంత పడుకున్నా తీరని అలసట. మూడో చలికాలంలో ఫ్యాక్టరీలో ఒక ట్రాలీ చక్రం ఎడమ చీలమండకు తగిలింది. గీరుకుపోయిందంతే. ఆ గీరే మానలేదు. నెల తిరిగేసరికి పుండైంది. వేసవికి అది అరచేతిలో సగమైంది. అంచులు ఊదారంగు, నడుమ పసుపుపచ్చటి పొర. రాత్రి దుప్పటి అంచు తగిలితే నిప్పు పెట్టినట్టుండేది.

వారానికి రెండుసార్లు సర్జరీలో నర్సు డ్రెస్సింగ్ చేసేది. బిగుతు బ్యాండేజీ కడితే నొప్పికి కళ్లు తిరిగేవి. పనికి సెలవు పెట్టి ముందుగదిలో సోఫా మీద, కాలు రెండు దిళ్ల మీద పెట్టుకుని పడుకునేదాన్ని. మాత్రల మత్తులో మధ్యాహ్నాలన్నీ ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. విమానం దిగేటప్పుడు దాని నీడ తెర మీదుగా, నా కాలి మీదుగా, గోడ మీదుగా పాకి వెళ్లిపోయేది. ఒక నీడ దాటాక ఇంకో నీడ కోసం చూసేదాన్ని. మధ్యలో ఏది నిద్రో ఏది మెలకువో తెలిసేది కాదు. ఒక్కోసారి కాలు నాది కాదనీ, ఎవరో వచ్చి అడిగేదాకా దాచిపెట్టమని ఇచ్చి వెళ్లారనీ అనిపించేది. బడి నుంచి అమ్మాయి వచ్చి బ్యాగు పడేసి, రేడియేటర్‌కి వీపు ఆనించి కార్పెట్ మీద కూర్చునేది. పుస్తకాలు తీసేది. "యూ ఓకే, మమ్?" అనేది తల ఎత్తకుండానే. "బానే ఉన్నానమ్మా" అనేదాన్ని. పుండు వాసన దానికి తెలుస్తోందేమోనని దిండు కొంచెం అవతలికి జరుపుకునేదాన్ని.

ఆదివారాలు ఒక స్కూలు హాల్లో తెలుగువాళ్లందరం ప్రార్థనకు కలుసుకునేవాళ్లం. అక్కడ గుంటూరు వైపు ఆంటీ ఒకావిడ ఉండేవారు. ముప్పై ఏళ్ల నుంచి నర్సు. మొదట బెల్‌ఫాస్ట్‌లో, తర్వాత లండన్‌లో చేశారట. నేను కుంటుతూ రావడం చూసి, భోజనాలయ్యాక హాలు పక్కన వంటగదిలోకి తీసుకెళ్లారు. కుర్చీలో కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుని బ్యాండేజీ విప్పారు. పుండు చుట్టూ వేలితో మెల్లగా నొక్కి చూశారు. తర్వాత అడిగారు.

"ఎన్నాళ్ల నుంచమ్మాయ్ ఇది?"

"పుండు ఎనిమిది నెలలైందండి ఆంటీ. చుక్కలైతే మూడేళ్ల బట్టీ వస్తన్నాయండి."

"ఎండాకాలంలో ఎట్లా ఉంటయ్యి?"

"తగ్గిపోతాయండి. చలి మొదలవగానే మళ్లీ వచ్చేత్తాయి."

"నువ్వు చేసేది చిల్ రూములోనేగా? ఏవీ, వేళ్లు చూపించు."

నా చేతులు తీసుకుని గోళ్ల చుట్టూ చూశారు. చల్లటి కుళాయి నీళ్ల కింద వేళ్లు పెట్టమన్నారు. అవి తెల్లబడుతుంటే తల ఊపారు.

"ఇది కాలి జబ్బు కాదమ్మాయ్. నెత్తురులో ఏదో ఉంది. నేనొక కాగితం రాసిస్తా, మీ జీపీకి ఇయ్యి. స్కిన్ డాక్టరుకి రిఫర్ చెయ్యమని అడుగు. మొహమాటపడబాక. మళ్లీ పెయిన్ కిల్లర్ రాసి పొమ్మంటే కుర్చీలోంచి లేవబాక."

జీపీ ముందు కుర్చీలోంచి లేవలేదు. స్కిన్ డాక్టరుకి ఉత్తరం రాశాడు.

హాస్పిటల్లో స్కిన్ డాక్టరు వెండిజుట్టు ఆవిడ. చాలా తక్కువ మాట్లాడేది. పుండు అంచు నుంచి చిన్న చర్మం ముక్క తీసి పరీక్షకు పంపింది. ఎన్నో గొట్టాల రక్తం తీయించింది. అమ్మాయి అప్పటికి ఏ లెవెల్స్, అంటే మన ఇంటర్ లాంటిది, చదువుతోంది. నాకు ఇంగ్లీషు వచ్చుగానీ డాక్టర్ల ఇంగ్లీషు రాదు కాబట్టి నాతో వచ్చేది. ఆవిడ చెప్పింది విని, కాసేపు మాటలు వెతుక్కుని నాకు చెప్పింది.

"మమ్మీ, నీ బ్లడ్‌లో ఒక ప్రోటీన్ ఉందేమో అంటున్నారు. కోల్డ్ తగిలితే అది లైక్, గట్టిగా అయిపోతుంది. కోకోనట్ ఆయిల్ వింటర్‌లో అవుతుంది కదా, అలా. అప్పుడు చిన్న చిన్న బ్లడ్ వెసెల్స్ బ్లాక్ అవుతాయి. స్కిన్‌కి ఫుడ్ వెళ్లదు. అందుకే హోల్ పడింది."

"దాని పేరేంటంట?"

"క్రయోగ్లోబ్యులిన్" అంది, అక్షరం అక్షరం విడదీసి.

పరీక్షలో అది లేదని వచ్చింది. డాక్టరు ఆ కాగితం చూసింది, నా కాలు చూసింది, మళ్లీ కాగితం చూసింది. ఫోన్ తీసి ల్యాబ్‌తో మాట్లాడింది. నా రక్తం గొట్టాలు ల్యాబ్‌కి చేరేముందు చాలాసేపు ఒక ట్రేలో ఉండిపోయాయట. దారిలోనే చల్లారితే ఆ ప్రోటీను గడ్డకట్టి అడుక్కి దిగిపోతుందనీ, రక్తాన్ని గిర్రున తిప్పి పైన తేరిన నీరు తీసేటప్పుడు అది కిందే ఉండిపోతుందనీ, అందుకే కనబడదనీ అమ్మాయి చెప్పింది. మళ్లీ తీద్దాం, ఈసారి చల్లారనివ్వకుండా, అంది డాక్టరు.

తర్వాతి వారం ఎర్రగడ్డం మనిషి ఒకాయన ల్యాబ్ నుంచి పైకి వచ్చాడు. చేతిలో స్టీలు ఫ్లాస్కు. మనం ప్రయాణాల్లో కాఫీ పోసుకెళ్తామే, అలాంటిదే. అందులో ఒంటి వేడికి సరిపోయే వెచ్చటి నీళ్లు. ఖాళీ గొట్టాలు కూడా ఆ నీళ్లలోనే వేడెక్కి ఉన్నాయి. నర్సు నా చేతి నుంచి రక్తం తీస్తుంటే, అతను ఒక్కో గొట్టం నిండగానే అందుకుని నీళ్లలోకి దించాడు. మూత బిగించాడు. ఫ్లాస్కును కోటు లోపల పెట్టుకుని, రెండు చేతులా గుండెకు హత్తుకుని, కారిడార్‌లో గబగబా నడుస్తూ వెళ్లిపోయాడు. పొడుగాటి కారిడార్ అది. చివరి తలుపు మూసుకునేదాకా చూస్తూనే ఉన్నాను. నా ఒంట్లోంచి తీసినదాన్ని అంత జాగ్రత్తగా మోసుకెళ్లినవాళ్లెవరూ లేరు అనిపించి, ఎందుకో కళ్లు చెమర్చాయి.

పది రోజుల తర్వాత పిలిచారు. ఆ గడ్డం ఆయన కూడా గదిలో ఉన్నాడు. డాక్టరే చూపించమందట. చిన్న గాజు గొట్టం వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాడు. లేత పసుపు రంగు నీరు, అడుగున తెల్లగా, గంజి పేరుకున్నట్టు. ఫ్రిజ్‌లో ఉంచితే మూడో రోజుకి ఇలా దిగిందని చెప్పాడు. దాన్ని వెచ్చటి నీళ్ల గిన్నెలో నిలబెట్టాడు. అందరం దాని వైపే చూస్తూ కూర్చున్నాం. కిటికీలోంచి పల్చటి ఎండ పడుతోంది. తెలుపు ముందు అంచుల్లో పల్చబడింది, తర్వాత పొగలా పైకి లేచింది, తర్వాత లేదు. గొట్టంలో తేట నీరు మిగిలింది, ఎప్పుడూ ఏమీ లేనట్టు. నాలుగేళ్లు నన్ను తిన్నది అదేనంటే నమ్మబుద్ధి కాలేదు. చూడ్డానికి అందంగా ఉంది. అమ్మాయి నెమ్మదిగా ఊపిరి వదిలింది.

అప్పుడు డాక్టరు అడిగింది. ఈ ప్రోటీను చాలాసార్లు లివర్‌లో దాగి ఉన్న వైరస్ వల్ల తయారవుతుంది. ఎప్పుడైనా రక్తం ఎక్కించారా అని.

అమ్మాయి నా వైపు తిరిగింది. "మమ్మీ, నీకు ఎప్పుడైనా వేరేవాళ్ల బ్లడ్ ఎక్కించారా?"

డాక్టరు ఇంగ్లీషులో అడిగింది నాకు ముందే అర్థమైంది. అయినా అమ్మాయి తెలుగులో అడిగేదాకా కదలకుండా కూర్చున్నాను.

"ఒకసారి."

"ఎందుకు?"

"ఒక ఆపరేషన్ అప్పుడు."

అది ఇంగ్లీషులో చెప్పింది. డాక్టరు రాసుకుంటూ, ఏ సంవత్సరమని అడిగింది. నేను చెప్పకుండా చేతుల వైపు చూసుకున్నాను. "ఏ ఇయర్ మమ్మీ?" అని మళ్లీ అడిగింది అమ్మాయి. చెప్పాను. అది డాక్టరు వైపు తిరిగి నోరు తెరిచి ఆగిపోయింది. అది తను పుట్టిన సంవత్సరం. కొన్ని క్షణాల తర్వాత ఆ అంకె ఇంగ్లీషులో చెప్పింది, చాలా మెల్లగా.

తిరుగు బస్సులో పైన, ముందు సీట్లో కూర్చున్నాం. అద్దాలన్నీ ఆవిరి పట్టి బయటి దీపాలు నీళ్లలో తేలుతున్నట్టున్నాయి. మూడు స్టాపులు దాటాక అడిగింది.

"నా వల్లేనా?"

"కాదమ్మా. నువ్వప్పటికే పుట్టేశావు. తుడిచి, గుడ్డలో చుట్టి నా పక్కన పడుకోబెట్టారు. ఆ తర్వాత నాకు రక్తం ఆగలేదు. రెండు సీసాలు ఎక్కించారు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పాల్సిన సంగతనిపించలేదు. నాకు గుర్తున్నది కూడా తక్కువే. పైన ఫ్యాను తిరుగుతా ఉంది. చేతిలోంచి చల్లగా ఏదో ఎక్కతంది. నువ్వు ఏడుస్తున్నావో, కాకులు అరుస్తున్నాయో తెలియలేదు. నిద్ర వస్తంది. పడుకోవద్దని మీ అమ్మమ్మ చెంపల మీద కొడతంది."

అది నా చెయ్యి తీసుకుని తన కోటు జేబులో పెట్టుకుంది. దిగే స్టాపు దాటిపోయాక గానీ ఇద్దరికీ తెలియలేదు.

వైరస్ ఉందని తేలింది. హెపటైటిస్ సి. మా ఆయనకీ అమ్మాయికీ పరీక్షలు చేస్తే లేదని వచ్చింది. ఆ కాగితం వచ్చిన రోజు మా ఆయన వంటగదిలో నిలబడి దాన్ని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, "టీ పెట్టనా?" అన్నారు. ఆయన అంతే. ఆదివారం భోజనాలకు నేను వండి తీసుకెళ్లడం మానేశాను. ఎవరూ ఏమీ అనలేదు, నేనే మానేశాను. నెల చూసి నర్సు ఆంటీ ఫోన్ చేశారు. "కూర గిన్నెలోంచి వచ్చే జబ్బు కాదే అది. నర్సును నేను చెప్తున్నా. వచ్చే వారం వంకాయ కూర తీసుకురా" అన్నారు. తీసుకెళ్లాను.

సోఫా మీది మధ్యాహ్నాల్లో ఇప్పుడు ఒక మనిషి రావడం మొదలుపెట్టాడు. నాకు రక్తమిచ్చిన మనిషి. చొక్కా చెయ్యి పైకి మడిచి, బల్ల మీద పడుకుని, పిడికిలి బిగించి వదులుతూ ఉండేవాడు. ముఖం మాత్రం కనబడేది కాదు. అతని మీద నాకు కోపం రాలేదు. తన ఒంట్లో ఇది ఉందని తెలియకుండా ఏ వీధిలో తిరుగుతున్నాడో అనిపించేది. ఆ ఆలోచన వదలక, ఒకరోజు కాకినాడలో ఉన్న మా తమ్ముడికి ఫోన్ చేశాను. ఆ రోజు హాస్పిటల్లో పరుగులు పెట్టింది వాడే.

"ఒరే, అప్పుడు నాకు రక్తం ఎవరిచ్చార్రా?"

"ఇప్పుడెందుకక్కా అది?"

"చెప్పు."

"ఒక సీసా బ్లడ్ బ్యాంకుది. ఇంకోటి నాది. నీదీ నాదీ ఒకటే గ్రూపు కదా. నీకు చెప్పలేదా అమ్మ?"

చెప్పలేదు. చెప్పినా ఆ స్థితిలో నాకు ఎక్కి ఉండదు. వాడిని వెంటనే పరీక్ష చేయించుకోమన్నాను. "నాకేంటక్కా, రాయిలా ఉన్నాను" అన్నాడు. వారం తర్వాత అడిగితే ఖాళీ దొరకలేదన్నాడు. ఇంకోసారి అడిగితే విసుక్కున్నాడు. చివరికి మా మరదలికి చెప్తే, ఆమె వెంటబెట్టుకుని తీసుకెళ్లింది. ఆ తర్వాత వాడే ఫోన్ చేశాడు. వెనక రోడ్డు మీద ఆటోల మోత మాత్రం వినబడుతోంది.

"అక్కా, నాక్కూడా ఉందంట."

చిన్నప్పుడు వాడికి టైఫాయిడ్ వచ్చి నెల్లాళ్లు రోజూ సూదులు వేయించాం. మా వీధి డాక్టరు ఒకే సూదిని మరిగించి అందరికీ వాడేవాడు. అక్కడి నుంచో, ఇంకెక్కడి నుంచో. బ్లడ్ బ్యాంకు సీసాలో ఏముందో ఎవరికీ తెలియదు, ఎప్పటికీ తెలియదు కూడా. కానీ వాడికి ఆ అనుమానం అక్కర్లేకపోయింది.

"నేనిచ్చిన రక్తమేనక్కా. నేనే ఇచ్చాను నీకు."

"నువ్వే ఇచ్చావేమోరా. ఇవ్వకపోతే ఆ రోజే అయిపోయేదాన్ని కదా."

వాడు ఏడ్చాడు. పెద్దయ్యాక వాడు ఏడవడం నేను వినలేదు. నేను ఫోన్ చెవికి ఆనించుకుని, తెర మీదుగా నీడలు దాటుతుంటే చూస్తూ కూర్చున్నాను. వాడి లివర్ అప్పటికే గట్టిపడటం మొదలైందట. ఇంకొన్నేళ్లు తెలియకుండా ఉంటే చెయ్యడానికేమీ ఉండేది కాదన్నాడట అక్కడి డాక్టరు. నా కాలు పుండు పడకపోతే ఎవరూ వాడిని పరీక్షకు పొమ్మని ఉండేవారు కాదు. ఆ మాట వాడితో చాలాసార్లు చెప్పాను. ఎంతవరకు నమ్మాడో తెలియదు.

ఆ వైరస్‌కి కొత్తగా వచ్చిన మాత్రలు అక్కడ వాడికి ముందు దొరికాయి. రోజూ పొద్దున్నే ఫోన్ చేసి, "వేసుకున్నానక్కా" అని పెట్టేసేవాడు. ఇక్కడ వాటిని వరస ప్రకారం ఇచ్చేవాళ్లు, నా వంతు రావడానికి ఇంకా కొంత కాలం పట్టింది. ఈలోగా ఫ్యాక్టరీలో నన్ను చిల్ రూమ్ నుంచి యూనిఫాంలు ఉతికే గదికి మార్చారు. డ్రయర్ల వేడితో ఎప్పుడూ గోరువెచ్చగా, ఉతికిన బట్టల వాసనతో ఉండే గది. మడతపెట్టిన తెల్లకోట్ల మీద చెయ్యి పెడితే అవి ఇంకా ఊపిరి పీలుస్తున్నట్టుండేవి. అక్కడికి వెళ్లాక పుండు పెరగడం ఆగింది, మానడం మాత్రం లేదు.

రెండు వేల పదహారులో నా మాత్రలు వచ్చాయి. పన్నెండు వారాలు. మొదటి వారాల్లో ఏమీ తెలియలేదు. ఐదో వారమో ఆరో వారమో, డ్రెస్సింగ్ విప్పిన సర్జరీ నర్సు ఒక్క మాట కూడా అనకుండా బయటికెళ్లి ఇంకో నర్సును పిలుచుకొచ్చింది. ఇద్దరూ వంగి చూశారు. పుండు అంచున గులాబీరంగు సన్నటి గీత, పాల మీద మీగడలా పల్చటి చర్మం. ఆ తర్వాత ప్రతి వారమూ ఆ గీత లోపలికి జరిగింది. ఒక సాయంత్రం అమ్మాయి తన స్కేలు తెచ్చి కొలిచింది. చివరి డ్రెస్సింగ్ తీసేసిన రోజు ఇంటికొచ్చి, ఆ తెల్లటి మచ్చ మీద వేలు పెట్టాను. నున్నగా, మెరుస్తూ, స్పర్శ తెలియకుండా ఉంది. వైరస్ పోయిందని తర్వాత ఉత్తరం వచ్చింది. తమ్ముడిదీ పోయింది. నా రక్తంలో ఆ ప్రోటీను మాత్రం కొంచెం మిగిలి ఉందనీ, కొందరికి ఏళ్లు పడుతుందనీ, చలికి జాగ్రత్తగా ఉండమనీ డాక్టరు చెప్పింది.

మరుసటి ఆగస్టులో ముగ్గురం సముద్రానికి వెళ్లాం. అమ్మాయి యూనివర్సిటీ నుంచి సెలవులకు వచ్చింది. గులకరాళ్ల బీచి, కళ్లు చెదిరే ఎండ. నాకు సాక్సు తీసి నలుగురిలో నడిచి చాలా ఏళ్లైంది. తీసేశాను. ఎవరూ చూడలేదు. నీళ్లు పాదాల మీదికొచ్చాయి. అంత ఎండలోనూ ఎంత చల్లగా ఉన్నాయంటే, కాళ్లు ఉన్నాయో లేదో తెలియలేదు. వెనకాల మా ఆయన నా చెప్పులు పట్టుకుని నిలబడ్డారు.

"చాల్లే, ఇంక వచ్చెయ్" అన్నారు.

"మమ్మీ, సీరియస్‌లీ. డాక్టర్ ఏం చెప్పారు?" అంది అమ్మాయి.

వాళ్లు చెప్పింది నిజమే. నా వేళ్లు చూసుకున్నాను, చివర్లు తెల్లబడుతున్నాయి. అమ్మాయి తువ్వాలు విప్పి పట్టుకుని నీళ్ల అంచుదాకా వచ్చేసింది. ఇంకొక్క అల చూసి వస్తానన్నాను.